మారే అయస్కాంత క్షేత్రంలో స్పిన్ కదలిక – భ్రమణాలతో వివరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. చదివేవారు, ఇక్కడి ఐసర్, ఐఐటీ ప్రయోగశాలల్లో ప్రాజెక్టు పనికి సిద్ధమయ్యేవారు, స్పిన్ (ఎలక్ట్రాను, ప్రోటాను వంటి కణాలకు సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం) అధ్యాయం పూర్తయిన తరువాత దాదాపు ఒకే రకమైన సందేహాలు అడుగుతుంటారు. పాఠ్యపుస్తకం స్థిరమైన క్షేత్రాన్ని చక్కగా చెబుతుంది. క్షేత్రం కాలంతో పాటు మారినప్పుడు ఏం జరుగుతుందన్న చోట మాత్రం ఒకటి రెండు సూత్రాలు ఇచ్చి ముందుకు సాగిపోతుంది. ఆ ఖాళీని పూరించే ప్రయత్నమే ఈ పేజీ. సౌలభ్యం కోసం మూడు నిర్దేశాక్షాలను తూర్పు, ఉత్తరం, పైదిక్కు అని పిలుస్తున్నాము. కుడిచేతి బొటనవేలు అక్షం వెంట ఉన్నప్పుడు మిగిలిన వేళ్లు ముడుచుకునే దిశను ధన భ్రమణంగా తీసుకుంటున్నాము.

స్పిన్ క్వాంటం వస్తువు కదా, దానిని ఒక బాణంలా గీసి తిప్పడం ఎంతవరకు సమంజసం?

అర్ధ స్పిన్ విషయంలో పూర్తిగా సమంజసం. ఇది ఉజ్జాయింపు కాదు. అర్ధ స్పిన్ స్థితిని రెండు సంకీర్ణ సంఖ్యలు, అంటే నాలుగు వాస్తవ సంఖ్యలు నిర్ణయిస్తాయి. మొత్తం సంభావ్యత ఒకటి కావాలన్న నియమం వాటిలో ఒకదానిని తీసివేస్తుంది, కొలతలో ఎన్నడూ కనిపించని ఉమ్మడి దశ మరొకదానిని తీసివేస్తుంది. మిగిలిన రెండు సంఖ్యలు సరిగ్గా ఒక గోళం మీద ఒక బిందువును, అంటే ఒక దిశను సూచిస్తాయి. కాబట్టి స్పిన్ స్థితిలో ఉన్న సమాచారమంతా ఆ బాణంలోనే ఉంటుంది. మిశ్రమ స్థితులకు బాణం పొడవు ఒకటి కంటే తక్కువగా ఉంటుంది, అంతే తేడా.

అయితే ఆ బాణం దేనిని సూచిస్తుందో మరచిపోకూడదు. మూడు దిశల్లో స్పిన్‌ను అనేక పర్యాయాలు కొలిస్తే వచ్చే సగటు విలువలే దాని మూడు అంశాలు. ఒక్క కొలతలో మాత్రం ‘పైకి’ లేదా ‘కిందికి’ అన్న రెండే సమాధానాలు వస్తాయని 1922లో ష్టెర్న్, గెర్లాఖ్ వెండి పరమాణువుల పుంజంతో చేసిన ప్రయోగం చూపింది. బాణం సాఫీగా తిరుగుతుంది, కొలత ఫలితం తెగిపడినట్లు వస్తుంది. ఈ రెండింటి మధ్య వైరుధ్యమేమీ లేదు.

ఆ బాణం కదలికను నడిపించే సమీకరణం ఏది?

బాణం మారే రేటు, బాణానికీ క్షేత్రానికీ ఉన్న సదిశా లబ్ధాన్ని గైరోమాగ్నెటిక్ నిష్పత్తితో (ఇచ్చిన క్షేత్రంలో స్పిన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే, ఒక్కో కణానికి ఒక్కోలా ఉండే స్థిరాంకం) గుణిస్తే వస్తుంది. మార్పు ఎప్పుడూ బాణానికి లంబంగా ఉంటుంది కనుక పొడవు మారదు. ఒకే క్షేత్రంలో ఉన్న రెండు బాణాల మధ్య కోణం కూడా మారదు. పొడవులను, కోణాలను చెక్కుచెదరకుండా ఉంచే నిరంతర కదలిక భ్రమణం తప్ప మరొకటి కాజాలదు. క్షేత్రం కాలంతో ఎలా మారినా, ఎంత వేగంగా మారినా, ఈ వాక్యం నిలుస్తుంది. బ్లాఖ్ 1946లో ఇదే సమీకరణానికి రిలాక్సేషన్ (బాణం క్రమంగా సమతాస్థితికి చేరడం) పదాలను చేర్చి అణుకేంద్రక రెజోనెన్స్‌కు వాడాడు.

ప్రోటానుకు ఈ నిష్పత్తి టెస్లాకు 42.577 మెగాహెర్ట్జ్, ఎలక్ట్రానుకు దాదాపు 28 గిగాహెర్ట్జ్. ఆసుపత్రిలోని 1.5 టెస్లా ఎంఆర్ఐ యంత్రంలో ప్రోటాను సెకనుకు దాదాపు 6.39 కోట్ల సార్లు తిరుగుతుంది.

ఎటువైపు తిరుగుతుంది?

ప్రోటానుకు గైరోమాగ్నెటిక్ నిష్పత్తి ధనాత్మకం. క్షేత్రం మన వైపు వస్తున్నట్లు నిలబడి చూస్తే దాని స్పిన్ బాణం, మాడ వీధుల్లో భక్తులు గుడి చుట్టూ తిరిగినట్లు, ప్రదక్షిణ దిశలోనే క్షేత్రం చుట్టూ తిరుగుతుంది. ఎలక్ట్రానుకు నిష్పత్తి ఋణాత్మకం కనుక అది అప్రదక్షిణంగా తిరుగుతుంది. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఈ గుర్తు దగ్గరే.

క్షేత్రం మారుతూ ఉంటే, తిరిగిన కోణాన్ని కాలం మీద సమాకలనం చేస్తే సరిపోదా?

క్షేత్రం దిశ స్థిరంగా ఉండి, పరిమాణం మాత్రమే మారుతున్నప్పుడు సరిపోతుంది. అప్పుడు భ్రమణాక్షం ఒక్కటే, కోణాలు కూడుకుంటాయి, మొత్తం కోణం క్షేత్రపు సమాకలనానికి అనుపాతంలో ఉంటుంది. దిశ కూడా మారడం మొదలైన క్షణం నుంచి ఈ పద్ధతి చెల్లదు. వేర్వేరు అక్షాల చుట్టూ జరిగే భ్రమణాలలో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఫలితాన్ని మార్చివేయడమే దీనికి కారణం.

స్వయంగా సరిచూసుకోండి. బాణం మొదట పైదిక్కుకు ఉన్నదనుకుందాము. తూర్పు అక్షం చుట్టూ 90 డిగ్రీల ధన భ్రమణం జరిపితే అది దక్షిణానికి వాలుతుంది. తరువాత నిలువు అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పితే దక్షిణం నుంచి తూర్పుకు వస్తుంది. ఇప్పుడు క్రమం తారుమారు చేయండి. ముందుగా నిలువు అక్షం చుట్టూ తిప్పితే పైకి చూసే బాణానికి ఏమీ కాదు. తరువాత తూర్పు అక్షం చుట్టూ తిప్పితే దక్షిణానికి వాలి అక్కడే ఆగుతుంది. అవే రెండు భ్రమణాలు, అవే కోణాలు. ఒకసారి తూర్పు, ఒకసారి దక్షిణం. చేతిలో ఫోను పట్టుకొని తిప్పి చూసినా ఇదే తేలుతుంది.

కోణాలు చిన్నవైనప్పుడు ఈ తేడా త్వరగా తగ్గిపోతుంది. రెండు లంబాక్షాల చుట్టూ తిప్పిన చిన్న కోణాలను రేడియన్లలో గుణిస్తే వచ్చేంత భ్రమణమే, మూడవ అక్షం చుట్టూ, తేడాగా మిగులుతుంది. ఒక్కొక్క డిగ్రీ చొప్పున తిప్పితే ఆ తేడా 0.0175 డిగ్రీలు మాత్రమే. అందువల్ల కాలాన్ని సన్నని ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కలో క్షేత్రాన్ని స్థిరంగా భావించి, వచ్చే చిన్న భ్రమణాలను వరుస తప్పకుండా గుణించుకుంటూ పోతే ఎంత ఖచ్చితత్వం కావాలంటే అంత ఖచ్చితమైన సమాధానం వస్తుంది. 1954లో మాగ్నస్ ఇచ్చిన శ్రేణి ఈ క్రమప్రభావాన్నే పదం పదంగా లెక్కగట్టి ఘాతాంకంలోకి చేరుస్తుంది.

నా దృష్టిలో ఈ అధ్యాయంలో నిజమైన కష్టమంతా ఇక్కడే ఉంది. విద్యార్థులు దీనిని క్వాంటం సిద్ధాంతపు వింతగా భావించి భయపడతారు. వాస్తవానికి ఇది మూడు కొలతల ఆవరణంలో భ్రమణాల స్వభావం, ఆయిలర్ కాలం నాటికే గణితవేత్తలు తడుముకున్న విషయం.

కంప్యూటరులో ఈ లెక్కను ఎలా వేయాలి?

సమీకరణాన్ని ఉన్నదున్నట్లుగా తీసుకొని, ‘ప్రస్తుత విలువకు మార్పును కూడు’ అన్న ఆయిలర్ పద్ధతిలో మాత్రం వేయవద్దు. ఆ పద్ధతిలో బాణం ప్రతి అడుగులోను స్పర్శరేఖ వెంట బయటకు జారుతుంది. ఒక్కో అడుగుకు 0.01 రేడియన్ తిరిగేలా పెట్టుకున్నా, వెయ్యి అడుగులకు పొడవు దాదాపు 5 శాతం, పదివేల అడుగులకు దాదాపు 65 శాతం పెరిగిపోతుంది. స్పిన్ పొడవు పెరగడమంటే సంభావ్యత ఒకటి దాటడమే.

దానికి బదులు ప్రతి అడుగును నిఖార్సైన భ్రమణంగానే చేయాలి. అడుగు మధ్యలో ఉన్న క్షేత్రం విలువను తీసుకొని, దాని దిశను అక్షంగా, పరిమాణాన్ని బట్టి వచ్చే కోణాన్ని భ్రమణ కోణంగా పెట్టుకొని, 1840 నాటి రోడ్రిగ్ సూత్రాన్ని వాడాలి: పాత బాణాన్ని కోణపు కొసైన్‌తో గుణించి, అక్షానికీ బాణానికీ ఉన్న సదిశా లబ్ధాన్ని సైన్‌తో గుణించి, బాణం అక్షం మీద వేసే నీడను ‘ఒకటి మైనస్ కొసైన్’తో గుణించి, మూడింటినీ కూడాలి. అడుగు ఎంత పెద్దదైనా పొడవు మారదు. దోషం అడుగు పరిమాణపు వర్గంతో పాటు తగ్గుతుంది. దశ కూడా కావాలనుకుంటే పౌలీ మాత్రికలతో కట్టిన రెండు వరుసల మాత్రికలను గుణించాలి. అవి హామిల్టన్ 1843లో కనుగొన్న క్వాటర్నియన్లకు మరో రూపమే కనుక నాలుగు సంఖ్యలు గుర్తుంచుకుంటే చాలు.

360 డిగ్రీలు తిరిగితే స్పిన్ గుర్తు మారుతుందంటారు. బాణం మాత్రం యథాస్థానానికి వస్తుంది. ఏది నిజం?

రెండూ నిజమే. తరంగ ప్రమేయంలో కోణంలో సగమే కనిపిస్తుంది. 360 డిగ్రీలకు అది మైనస్ ఒకటితో గుణింపబడుతుంది, 720 డిగ్రీలకు గాని మొదటి స్థితికి రాదు. ఒంటరి స్పిన్‌లో ఆ గుర్తును ఎవరూ చూడలేరు. పుంజాన్ని రెండు దారులుగా చీల్చి, ఒక దారిలో మాత్రమే తిప్పి, తిరిగి కలిపితే వ్యతికరణంలో అది బయటపడుతుంది. 1975లో రెండు వేర్వేరు బృందాలు న్యూట్రాన్ ఇంటర్‌ఫెరోమీటరుతో దీనిని నిరూపించాయి.

తిరిగే నిర్దేశ చట్రం అంటే ఏమిటి? అది లెక్కను ఎందుకు సులభం చేస్తుంది?

మారే క్షేత్రపు సమస్యను స్థిర క్షేత్రపు సమస్యగా మార్చగలిగితే సగం పని అయిపోయినట్లే. క్షేత్రం ఒక అక్షం చుట్టూ సమవేగంతో తిరుగుతున్నప్పుడు, మనమూ దానితో పాటే తిరుగుతూ చూస్తే అది నిశ్చలంగా కనిపిస్తుంది. దీనికి చెల్లించవలసిన మూల్యం ఒకటే: తిరిగే చట్రంలో, చట్రపు కోణీయ వేగాన్ని గైరోమాగ్నెటిక్ నిష్పత్తితో భాగించగా వచ్చేంత అదనపు క్షేత్రం అక్షం వెంట ఉన్నట్లుగా లెక్కించాలి. రాబి 1937లో తిరిగే క్షేత్రంలో స్పిన్ తిరగబడే సంభావ్యతను రాబట్టాడు. రాబి, రామ్సే, ష్వింగర్ ముగ్గురూ కలసి 1954లో ఈ తిరిగే చట్రం పద్ధతిని సమగ్రంగా వివరించారు.

సంఖ్యలతో చూద్దాము. పైదిక్కుకు 1.5 టెస్లా స్థిర క్షేత్రం ఉన్నది. దానికి అడ్డంగా 10 మైక్రోటెస్లా బలమున్న క్షేత్రం, ప్రోటాను లార్మర్ పౌనఃపున్యమైన (ఆ స్థిర క్షేత్రం చుట్టూ బాణం సెకనుకు తిరిగే సార్లు) 63.87 మెగాహెర్ట్జ్‌తో, ప్రోటాను తిరిగే దిశలోనే తిరుగుతున్నది. మనం కూడా అదే వేగంతో తిరిగితే చట్రం తెచ్చిపెట్టిన అదనపు క్షేత్రం 1.5 టెస్లాను పూర్తిగా రద్దు చేస్తుంది. ఇక మిగిలింది 10 మైక్రోటెస్లా మాత్రమే, అదీ కదలకుండా అడ్డంగా. పైకి చూస్తున్న బాణం దాని చుట్టూ సెకనుకు 426 సార్లు తిరుగుతుంది. 0.587 మిల్లీసెకన్ల తరువాత ఆ చిన్న క్షేత్రాన్ని ఆపివేస్తే బాణం సరిగ్గా అడ్డంగా పడుతుంది. అదే 90 డిగ్రీల పల్స్. దాని కంటే లక్షన్నర రెట్లు బలమైన క్షేత్రాన్ని కాదని ఇంత చిన్న క్షేత్రం స్పిన్‌ను పడగొట్టడంలోని రహస్యం ఇదే.

పౌనఃపున్యం సరిగ్గా కలవకపోతే నిలువు క్షేత్రం పూర్తిగా రద్దు కాదు. తేడా పది లక్షలలో ఒక వంతు, అంటే 64 హెర్ట్జ్ అయితే, ఫలిత క్షేత్రం అడ్డంగా కాక 8.5 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది, బాణం ఆ వాలిన అక్షం చుట్టూ తిరుగుతుంది. బాగా దూరం జరిగితే బాణం పైదిక్కు చుట్టూ చిన్న శంకువు గీసి ఊరుకుంటుంది. అందుకే గాదంకిలోని వాతావరణ పరిశోధన రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఎంత శక్తితో పంపినా మన శరీరంలోని ప్రోటానులు పట్టించుకోవు. ఆ పౌనఃపున్యానికి స్పందించాలంటే అవి 1.245 టెస్లా క్షేత్రంలో ఉండాలి.

భూమి కూడా తిరుగుతూనే ఉంది కదా. ఆ చట్రం సంగతేమిటి?

మంచి ప్రశ్న. ప్రోటానుకు భూభ్రమణం తెచ్చే అదనపు క్షేత్రం దాదాపు 0.27 పికోటెస్లా. మామూలు ప్రయోగాలలో దీనిని వదిలివేయవచ్చు. కేంద్రక స్పిన్‌లతో పనిచేసే అతి సున్నితమైన గైరోస్కోపులు మాత్రం దీనినే కొలుస్తాయి.

ప్రయోగశాలలో కాయిల్ ఇచ్చేది ముందుకూ వెనుకకూ ఊగే క్షేత్రమే గాని తిరిగే క్షేత్రం కాదు. మరి పై లెక్క ఎలా చెల్లుతుంది?

ఊగే క్షేత్రం, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు సమాన క్షేత్రాల మొత్తం. స్పిన్‌తో పాటు తిరిగేది పని చేస్తుంది. రెండవది తిరిగే చట్రంలో రెట్టింపు వేగంతో తిరుగుతూ ఒక చక్రంలో చేసిన మార్పును తానే చెరిపేసుకుంటుంది. దానిని వదిలివేస్తే ఫలితంలో వచ్చే స్వల్ప జరుగుదలను బ్లాఖ్, సీగర్ట్ 1940లో లెక్కించారు. పై ఉదాహరణలో అది పదివేల కోట్లలో ఒక వంతు స్థాయిలో ఉంటుంది. కానీ భూక్షేత్రం వంటి బలహీన క్షేత్రంలో, ఊగే క్షేత్రం కూడా అంతే బలంగా ఉన్నప్పుడు, ఈ ఉజ్జాయింపును నమ్మరాదు; అక్కడ ముక్కలు కోసి గుణించే పద్ధతే శరణ్యం.

క్షేత్రం నెమ్మదిగా తిరిగితే స్పిన్ వెంబడిస్తుందని, వేగంగా తిరిగితే వెనుకబడుతుందని అంటారు. నెమ్మది అంటే ఎంత?

రెండు వేగాలను పోల్చాలి: క్షేత్రం దిశ తిరిగే కోణీయ వేగం ఒకటి, ఆ క్షణంలో ఉన్న క్షేత్రపు లార్మర్ కోణీయ వేగం మరొకటి. మొదటిది రెండవదాని కంటే బాగా తక్కువైతే బాణం క్షేత్రాన్ని అంటిపెట్టుకొని వస్తుంది. బాగా ఎక్కువైతే బాణం ఉన్నచోటనే ఉండిపోతుంది. తిరిగే చట్రపు భాషలో చెప్పాలంటే, క్షేత్రంతో పాటు తిరిగే చట్రంలో కనిపించే అదనపు క్షేత్రం అసలు క్షేత్రం ముందు లెక్కలోకి రానంత చిన్నదైతే బాణం అంటిపెట్టుకుంటుంది. క్షేత్రం బలహీనపడే చోటనే ప్రమాదమని దీనిని బట్టి తెలుస్తుంది, ఎందుకంటే అక్కడే లార్మర్ వేగం పడిపోతుంది, అక్కడే దిశ గిరుక్కున తిరుగుతుంది.

ఇందులో ఖచ్చితంగా పరిష్కరించగల సందర్భం ఒకటున్నది. అడ్డంగా ఉన్న క్షేత్రాన్ని స్థిరంగా ఉంచి, నిలువు క్షేత్రాన్ని సమరేటుతో పైనుంచి కిందికి మార్చితే ఏమవుతుందో 1932లో లాండౌ, జీనర్, ష్ట్యూకెల్‌బెర్గ్, మయొరానా నలుగురూ విడివిడిగా రాబట్టారు. అడ్డ క్షేత్రపు లార్మర్ కోణీయ వేగాన్ని వర్గం చేసి, నిలువు క్షేత్రపు లార్మర్ కోణీయ వేగం మారే రేటుకు రెట్టింపుతో భాగించి, π (3.14)తో గుణించాలి. వచ్చిన సంఖ్యను ఋణ గుర్తుతో e కు ఘాతాంకంగా పెడితే, క్షేత్రం తిరగబడినా స్పిన్ తిరగబడకుండా మిగిలిపోయే సంభావ్యత వస్తుంది.

ప్రోటానుకు అడ్డ క్షేత్రం 40 మైక్రోటెస్లా అనుకొని, నిలువు క్షేత్రాన్ని పైకి 10 మిల్లీటెస్లా నుంచి కిందికి 10 మిల్లీటెస్లా వరకు మార్చుదాము. ఈ మార్పు 2 మిల్లీసెకన్లలో జరిగితే 93 శాతానికి పైగా స్పిన్‌లు తిరగబడకుండా ఉండిపోతాయి. 20 మిల్లీసెకన్లలో జరిగితే సుమారు 51 శాతం, అంటే సగటు బాణం దాదాపు అడ్డంగా పడుకుంటుంది. 200 మిల్లీసెకన్లు తీసుకుంటే వెయ్యిలో ఒకటి మాత్రమే మిగులుతుంది. పదేసి రెట్ల తేడాలోనే ‘వేగం’ కాస్తా ‘నెమ్మది’ అయిపోయింది.

అతిశీతల పరమాణువులను అయస్కాంత బోనులో పట్టేవారికి ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు. బోను నడుమ క్షేత్రం సున్నా అయ్యే బిందువు దగ్గర స్పిన్ తిరగబడి పరమాణువు జారిపోతుంది. 1995లో కొలరాడోలో బోస్–ఐన్‌స్టీన్ సంఘనితాన్ని (అతిశీతల పరమాణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలోకి చేరిన ద్రవ్యం) తొలిసారి సాధించిన బృందం ఆ సున్నా బిందువును తిరిగే క్షేత్రంతో గిరగిరా తిప్పి పరమాణువులకు అందకుండా చేసింది.

ఇదంతా తిరుపతిలో, పెద్ద అయస్కాంతం లేకుండా, చూడగలమా?

చూడవచ్చు, అంతకంటే వినవచ్చు. ఇక్కడ భూక్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లా. ఆ క్షేత్రంలో ప్రోటాను సెకనుకు సుమారు 1,700 సార్లు తిరుగుతుంది, అది చెవికి వినిపించే పౌనఃపున్యమే. అర లీటరు మంచినీళ్ల సీసాకు రాగి తీగ చుట్టి, కొన్ని సెకన్ల పాటు కరెంటు పంపి 10 మిల్లీటెస్లా క్షేత్రాన్ని కలిగిస్తే నీటిలోని ప్రోటానులలో కొద్ది భాగం ఆ దిశకు సర్దుకుంటుంది. కరెంటును హఠాత్తుగా ఆపివేస్తే, బాణం కాయిల్ అక్షం వెంటనే ఉండిపోయి, దానికి లంబంగా ఉన్న భూక్షేత్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. అదే కాయిల్‌లో మైక్రోవోల్టుల స్థాయిలో సంకేతం పుడుతుంది. దానిని పెద్దది చేసి స్పీకరుకు ఇస్తే రెండు మూడు సెకన్ల పాటు సన్నగా తగ్గిపోయే ఈల వినిపిస్తుంది.

ఇక్కడ తిరుపతివారికి ఒక అనుకూలత ఉన్నది. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరగా పోతున్నందున ఇక్కడి క్షేత్రం దాదాపు నేలకు సమాంతరంగా, ఉత్తరానికి, కొద్దిగా మాత్రమే కిందికి వంగి ఉంటుంది. అందువల్ల సీసాను మామూలుగా నిలబెట్టి చుట్టూ తీగ చుట్టినా కాయిల్ అక్షం క్షేత్రానికి ఇంచుమించు లంబంగానే ఉంటుంది. ఉత్తర ఐరోపాలో క్షేత్రం నిటారుగా కిందికి దిగుతుంది కనుక అక్కడ సీసాను పడుకోబెట్టక తప్పదు.

స్థలం ఎంపిక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సంకేతం రెండు సెకన్లు నిలవాలంటే సీసా ఒక చివర నుంచి మరో చివరకు క్షేత్రం పదివేలలో ఒక వంతు కంటే ఎక్కువ మారకూడదు. ఇనుప చువ్వలున్న శ్లాబు కింద ఇది అసాధ్యం. గది గోడలు, బీరువా, స్టూలు కాలు కూడా చెడగొడతాయి. దానికి తోడు 50 హెర్ట్జ్ కరెంటు సరఫరా తాలూకు 1,650, 1,750 హెర్ట్జ్ హార్మోనిక్‌లు మన సంకేతానికి రెండు వైపులా కాచుకొని ఉంటాయి. ఊరి వెలుపల, కరెంటు తీగలకు దూరంగా ఉన్న మామిడి తోటలో బ్యాటరీతో చేయడం మేలు.

అన్నీ సరిగ్గా అమర్చినా ఈల వినిపించలేదు. ఎక్కడ చూడాలి?

ముందుగా కరెంటు ఆగే తీరును చూడండి. క్షేత్రం 10 మిల్లీటెస్లా నుంచి సమరేటుతో సున్నాకు దిగుతున్నదనుకుంటే, చివరిలో ఫలిత క్షేత్రపు దిశ తిరిగే వేగం భూక్షేత్రపు లార్మర్ కోణీయ వేగమైన సెకనుకు 10,700 రేడియన్లతో సమానమయ్యేది, దిగడానికి 23 మిల్లీసెకన్లు పట్టినప్పుడు. ఒక మిల్లీసెకనులో దించితే చివరి 40 మైక్రోటెస్లా నాలుగు మైక్రోసెకన్లలో మాయమవుతుంది. బాణం కదిలే వ్యవధి కూడా ఉండదు. ఈల గట్టిగా వస్తుంది. ఒక సెకను పాటు నెమ్మదిగా దించితే బాణం బుద్ధిగా భూక్షేత్రం వైపు వచ్చి పడుకుంటుంది. క్షేత్రం వెంటనే ఉన్న బాణానికి తిరిగే పని లేదు, సంకేతమూ లేదు.

కానీ కాయిల్‌లో కరెంటు సమరేటుతో దిగదు. వదిలివేస్తే ఘాతాంకంగా దిగుతుంది, తోక పొడుగ్గా ఉంటుంది. అప్పుడు మొదట ఎంత క్షేత్రం ఉన్నదన్నది పెద్దగా పట్టదు. కాయిల్ క్షేత్రం భూక్షేత్రానికి సమానమయ్యే చోట దిశ తిరిగే వేగం, కాలస్థిరాంకానికి రెట్టింపును తలకిందులు చేసినంత. అక్కడ ఫలిత క్షేత్రం భూక్షేత్రానికి 1.4 రెట్లు కాబట్టి కాలస్థిరాంకం 33 మైక్రోసెకన్ల కంటే బాగా తక్కువ ఉండాలి. స్విచ్చి కాలిపోకుండా కాయిల్‌కు అడ్డంగా మామూలు డయోడు పెట్టడం అందరికీ అలవాటు. ఆ డయోడు కరెంటును లోపలే తిప్పుతూ మిల్లీసెకన్ల పాటు బతికించి స్పిన్‌లను నెమ్మదిగా భూక్షేత్రం ఒడిలో పడుకోబెడుతుంది. దాని స్థానంలో ఎక్కువ వోల్టేజి జీనర్ డయోడును వాడితే కరెంటు తొందరగా చస్తుంది. పై సూత్రంలోని జీనర్, ఈ డయోడు పేరులోని జీనర్ ఒక్కరే, క్లారెన్స్ జీనర్. ఒకే ప్రయోగంలో ఆయన రెండు రకాలుగా పనికివచ్చారు.

స్పిన్ ఎకోను (చెదిరిపోయిన స్పిన్‌ల సంకేతం పల్స్ తరువాత తిరిగి రావడాన్ని) భ్రమణాలతో ఒక్క మాటలో చెప్పగలరా?

నిలువు అక్షం చుట్టూ జరిగిన ఏ భ్రమణానికైనా ముందొకటి, వెనుకొకటి అడ్డ అక్షం చుట్టూ 180 డిగ్రీల భ్రమణాలను చేర్చితే, అది అంతే కోణంలో వెనుకకు జరిగిన భ్రమణంగా మారుతుంది. క్షేత్రం చోటుచోటుకు తేడాగా ఉన్నందున చెదిరిపోయిన బాణాలు ఈ కారణంగానే తిరిగి ఒక్కచోటికి చేరుతాయి. హాన్ 1950లో దీనిని ప్రకటించాడు.

క్షేత్రం నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి మొదటి దిశకే వస్తే, స్పిన్‌కు ఏమీ మారనట్లేనా?

మారుతుంది. బాణం క్షేత్రాన్ని అంటిపెట్టుకొని తిరిగి వచ్చినా, క్షేత్రపు దిశ గోళం మీద గీసిన వలయం ఎంత ఘనకోణాన్ని చుట్టిందో అంత కోణం, లార్మర్ కోణానికి అదనంగా, క్షేత్రం చుట్టూ తిరిగి ఉంటుంది. ఇది వలయం ఆకారాన్ని బట్టి వచ్చేదే గాని పట్టిన కాలాన్ని బట్టి కాదు. బెర్రీ 1984లో దీనిని సాధారణ సూత్రంగా నిలబెట్టాడు. కాంతి ధ్రువణంలో ఇదే రేఖాగణిత దశను 1956లోనే బెంగళూరులో పంచరత్నం గుర్తించాడు. భ్రమణాలు క్రమాన్ని బట్టి మారతాయన్న పాత సంగతే ఇక్కడ కూడా పని చేస్తున్నది.

అర్ధ స్పిన్ కాకుండా పెద్ద స్పిన్‌లకు, అనేక స్పిన్‌లకు ఈ పద్ధతి చెల్లుతుందా?

స్పిన్ ఎంత పెద్దదైనా, శక్తి స్పిన్‌కూ క్షేత్రానికీ ఉన్న అదిశా లబ్ధం మాత్రమే అయినంత వరకు, స్థితి మొత్తం ఒకే భ్రమణానికి లోనవుతుంది. ఆ భ్రమణాన్ని అర్ధ స్పిన్‌కు ఒకసారి లెక్కిస్తే చాలు. మయొరానా పెద్ద స్పిన్‌ను అనేక అర్ధ స్పిన్‌ల కూర్పుగా చూసి, ఒక్క బాణానికి బదులు గోళం మీద కొన్ని బిందువులుగా గీశాడు. క్షేత్రంలో ఆ బిందువులన్నీ ఒకదానితో ఒకటి దూరం మారకుండా కలసి తిరుగుతాయి. సోడియం కేంద్రకం వంటి వాటిలో విద్యుత్ క్షేత్రపు వాలు వల్ల స్పిన్ వర్గంతో కూడిన క్వాడ్రుపోల్ పదం చేరితే, ఆ బిందువులు ఒకదానికొకటి జరుగుతాయి, కేవల భ్రమణం చాలదు. రెండు స్పిన్‌లు పరస్పరం ప్రభావితమైతే ఒక్కొక్కదాని బాణం పొడవు కూడా తగ్గవచ్చు, ఎందుకంటే సమాచారం రెండింటి మధ్య సంబంధంలోకి వెళ్లిపోతుంది. నీటి సీసాలో ఈల రెండు మూడు సెకన్లకే తగ్గిపోవడానికి కారణమైన రిలాక్సేషన్ కూడా భ్రమణం కాదు; దానిని బ్లాఖ్ సమీకరణంలో విడి పదంగా చేర్చి, ప్రతి చిన్న అడుగులోను భ్రమణం తరువాత బాణాన్ని తగినంత కుదించి లెక్కిస్తారు.